మీ కాలేజ్ ఫుట్‌బాల్ టీమ్ వచ్చే సీజన్‌లో ఎలా ఆడుతుందో ఆఫ్‌సీజన్‌లోనే అంచనా వేయడం ఎలా

అమెరికన్ కాలేజ్ ఫుట్‌బాల్‌లో నేషనల్ ఛాంపియన్‌షిప్ మ్యాచ్ జనవరిలో ముగుస్తుంది, తెల్లారేసరికి వచ్చే సీజన్ టాప్ 25 అంచనాలు దిగిపోతాయి. మన టీమ్ అందులో ఎన్నో స్థానంలో ఉందో వెతుక్కోవడం, ఉంటే మురిసిపోవడం, లేకపోతే రాసినవాణ్ని తిట్టుకోవడం, ఆగస్టు చివరిదాకా ఇదే పని. ఆ లిస్టుల మీద ఆధారపడనక్కర్లేదు. ఒక శని, ఆదివారాలు కూర్చునే ఓపిక ఉంటే మీ టీమ్ సంగతి మీరే తేల్చుకోవచ్చు.

డెంటన్‌లోనో టెంపీలోనో కాలేజ్ స్టేషన్‌లోనో ఎమ్మెస్ చేస్తూ ఈ ఆటకు అలవాటు పడినవాళ్లు, ఫ్రిస్కో, ఆలెన్ వైపు ఇల్లు కొనుక్కుని శుక్రవారం రాత్రి పిల్లలతో హైస్కూల్ మ్యాచ్‌కి వెళ్తున్నవాళ్లు మనవాళ్లలో చాలామందే ఉన్నారు. ఆలెన్ హైస్కూల్ స్టేడియంలో 18,000 మంది పడతారు, దాన్ని 2012లో 6 కోట్ల డాలర్లు పెట్టి కట్టారు. అలాంటి ఊళ్లో ఉంటూ ఈ ఆట పట్టించుకోకుండా ఉండటం కష్టం. ఆట అర్థమయ్యాక కూడా ఆఫ్‌సీజన్ మాత్రం అయోమయంగానే ఉంటుంది. ఎవరో ఫలానా కాలేజీకి కమిట్ అయ్యాడంటారు, ఎవరో పోర్టల్‌లోకి (కాలేజీ మారాలనుకునేవాళ్లు పేరు ఇచ్చే జాబితా) వెళ్లాడంటారు, క్లాస్ (ఆ ఏడాది చేరే కొత్త కుర్రాళ్ల బృందం) ర్యాంక్ ఏడు అంటారు. వీటిలో ఏది ముఖ్యం, ఏది కాదు?

నా ఉద్దేశంలో కొత్తగా ఎవరు వస్తున్నారన్నదాని కంటే పాతవాళ్లలో ఎవరు మిగిలారన్నది ముందు చూడాలి. అందులోనూ బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్, ఆ తర్వాత ఆఫెన్స్, డిఫెన్స్ రెండు వైపులా ముందు వరసలో ఢీకొట్టే లైన్లు. మిగతావన్నీ వీటి తర్వాతే.

ముందు తేదీలు తెలుసుకోండి

హైస్కూల్ కుర్రాళ్లలో ఎక్కువమంది డిసెంబర్ మొదటి వారంలోనే సంతకం చేసేస్తారు. ఈ ఎర్లీ సైనింగ్ 2017లో మొదలైంది, అప్పట్నుంచి ఫిబ్రవరి మొదటి బుధవారం నాటి పాత సందడి బాగా తగ్గిపోయింది. సంతకానికి ముందు చెప్పే కమిట్ అన్నది నోటిమాట మాత్రమే. జూన్‌లో ఒకరికి మాటిచ్చిన కుర్రాడు అక్టోబర్‌లో ఇంకో క్యాంపస్ చూసొచ్చి నవంబర్‌లో మనసు మార్చుకోవడం ఏటా జరిగేదే, అందులో వాణ్ని తప్పుపట్టడానికి కూడా ఏమీ లేదు, పదిహేడేళ్ల పిల్లాడు జీవితంలో అతి పెద్ద నిర్ణయం తీసుకుంటున్నాడు. కాబట్టి ఎండాకాలంలో కనిపించే క్లాస్ ర్యాంకులను అసలు లెక్కలోకి తీసుకోకండి.

ఇక జనవరి. ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌కి వెళ్లాలనుకునే జూనియర్లు (మూడో ఏడాది కుర్రాళ్లు) ఆ నెల మధ్యలోగా చెప్పేయాలి. ట్రాన్స్‌ఫర్ పోర్టల్ కూడా 2026 నుంచి జనవరి 2 మొదలు 16 వరకు ఒక్కసారే తెరుచుకుంటుంది, ఏప్రిల్‌లో ఉండే రెండో గడువు ఎత్తేశారు. కోచ్ మారిన టీమ్‌లో ఆటగాళ్లకు మాత్రం విడిగా 15 రోజులు ఇస్తారు. 16వ తేదీ అన్నది పేరు ఇవ్వడానికి గడువు, కొత్త కాలేజీ ఎంచుకోవడానికి ఇంకొన్నాళ్లు పడుతుంది. అందుకే ఫిబ్రవరి మొదటి వారం దాకా ఆగి, అప్పుడు కూర్చోండి. అంతకంటే ముందు వచ్చిన అంచనాలన్నీ సగం సమాచారంతో రాసినవే.

ఇప్పుడు కాగితం తీయండి

ఆఫెన్స్‌కి (బంతి మన దగ్గర ఉన్నప్పుడు ఆడేవాళ్లు) పదకొండు వరసలు, డిఫెన్స్‌కి (అవతలివాళ్లను ఆపేవాళ్లు) పదకొండు వరసలు గీయండి. కాలేజీ అథ్లెటిక్స్ సైట్‌లో ప్రతి మ్యాచ్‌కీ బాక్స్ స్కోర్ (మ్యాచ్ గణాంకాల పట్టిక) ఉంటుంది, అందులో స్టార్టర్ల (మొదటి నుంచి ఆడేవాళ్ల) పేర్లు ఉంటాయి. నవంబర్ ఆఖర్లో ఆడిన చివరి లీగ్ మ్యాచ్ బాక్స్ స్కోర్ తీసుకోండి. సీజన్ చివర ఆడే బౌల్ మ్యాచ్‌ది వద్దు, ఎందుకంటే డ్రాఫ్ట్‌కి వెళ్లేవాళ్లు, పోర్టల్‌లోకి వెళ్లేవాళ్లు చాలాచోట్ల బౌల్ ఆడటం మానేస్తున్నారు, ఆ లిస్టు చూస్తే అసలు టీమ్ ఎవరో తెలియదు. ఎవరైనా స్టార్టర్ గాయంతో ఆ వారం లేకపోతే పక్కనే అతని పేరు కూడా రాసుకోండి.

ప్రతి పేరు పక్కన రెండు విషయాలు రాయండి. ఉన్నాడా, వెళ్లాడా, ఉంటే కెరీర్‌లో మొత్తం ఎన్ని మ్యాచ్‌లు స్టార్ట్ చేశాడు. ఈ రెండో అంకె అదే సైట్‌లో ఆటగాడి బయోలో దొరుకుతుంది. వెళ్లినవాడి చోట ఎవరు వస్తారో తెలిస్తే అతని పేరు, తెలియకపోతే ఖాళీ వదిలేయండి. ఆ ఖాళీలు ఎన్ని ఉన్నాయో, ఎక్కడ ఉన్నాయో చూస్తేనే సగం విషయం అర్థమైపోతుంది.

ముందు ఆఫెన్సివ్ లైన్ దగ్గర ఆగండి. ఐదుగురి స్టార్ట్‌లు కలిపి కూడండి. రెండు మూడు సీజన్ల అనుభవం ఉన్న సెంటర్ (బంతి వెనక్కి అందించేవాడు), రెండేళ్లు ఆడిన లెఫ్ట్ టాకిల్ (క్వార్టర్‌బ్యాక్‌ని ఎడమ వైపు కాపాడేవాడు) తిరిగి వస్తుంటే మిగతా ముగ్గురు కొత్తవాళ్లయినా ఎలాగో నెట్టుకురావచ్చు. సెంటర్, లెఫ్ట్ టాకిల్ ఇద్దరూ ఒకేసారి వెళ్లిపోతే మాత్రం జాగ్రత్త పడాలి, రిసీవర్లు (విసిరిన బంతి పట్టేవాళ్లు) ఎంత గొప్పవాళ్లయినా సరే. 2023 కొలరాడో చూడండి. కోచ్‌గా డియాన్ సాండర్స్ వచ్చాడు, టీమ్ మొత్తం మార్చేశాడు, క్వార్టర్‌బ్యాక్ షెడూర్ సాండర్స్ చేతిలో బంతి ఉంటే చూడముచ్చటగా ఉండేది. కానీ ముందున్న లైన్ నిలబడలేదు. ఆ సీజన్‌లో అతన్ని 52 సార్లు శాక్ చేశారు (బంతి విసిరేలోపే పడేశారు), టీమ్ 4-8తో (4 గెలుపులు, 8 ఓటములు) ముగిసింది. 2024లో అదే కోచ్, అదే క్వార్టర్‌బ్యాక్‌తో 9-4కి వచ్చారు.

క్వార్టర్‌బ్యాక్ సంగతి మూడు రకాలుగా ఉంటుంది. పోయిన ఏడాది ఆడినవాడే ఉంటే మంచిది. వేరే కాలేజీలో రెండు మూడేళ్లు స్టార్ట్ చేసి వచ్చినవాడైతే దాదాపు అంతే మంచిది. ఒహాయో స్టేట్ 2024లో కాన్సస్ స్టేట్ నుంచి విల్ హోవర్డ్‌ని తెచ్చుకుని ఛాంపియన్‌షిప్ కొట్టింది. ఇద్దరు ముగ్గురు కుర్రాళ్లు పోటీ పడుతున్నారు, ఆగస్టులో చెప్తాం అని కోచ్ అంటున్నాడంటే మాత్రం మీ అంచనా నుంచి ఒక విజయం తగ్గించి రాసుకోండి, తర్వాత కావాలంటే పెంచుకోవచ్చు.

ఆ ఒహాయో స్టేట్ టీమ్‌ని ఇంకో కారణానికి కూడా గుర్తుపెట్టుకోవాలి. డ్రాఫ్ట్‌కి వెళ్లగలిగి కూడా ఆగిపోయినవాళ్లు చాలామంది: జాక్ సాయర్, జేటీ టుయిమొలొవావ్, ఎమెకా ఎగ్బూకా, ట్రెవియన్ హెండర్సన్. వాళ్లకు అలబామా నుంచి కేలెబ్ డౌన్స్, ఓల్ మిస్ నుంచి క్విన్‌షాన్ జడ్కిన్స్ తోడయ్యారు. నవంబర్‌లో మిషిగన్ చేతిలో 13-10తో ఓడి అందరి చేతా మాటలు పడ్డా, చివరికి నోటర్‌డామ్‌ని 34-23తో ఓడించి కప్పు ఎత్తారు. మిగిలినవాళ్ల మీద కట్టిన టీమ్ అంటే అదీ.

ఇంత లెక్క చేసే తీరిక లేకపోతే ఈఎస్‌పీఎన్‌లో బిల్ కానెల్లీ ఏటా ప్రతి టీమ్‌కీ రిటర్నింగ్ ప్రొడక్షన్ శాతం (పోయిన ఏడాది ఆటలో ఎంత వంతు తిరిగొస్తుందన్న లెక్క) ఇస్తాడు, దాన్ని చూడొచ్చు. కానీ ఆ శాతాన్ని గుడ్డిగా నమ్మకండి. 2025లో పెన్ స్టేట్‌కి క్వార్టర్‌బ్యాక్ తిరిగొచ్చాడు, రన్నింగ్ బ్యాక్‌లు (బంతి పట్టుకుని పరుగెత్తేవాళ్లు) ఇద్దరూ తిరిగొచ్చారు, ఏపీ లిస్టులో (విలేకరుల ఓట్లతో ఇచ్చే ర్యాంకులు) రెండో స్థానంతో మొదలుపెట్టారు, అక్టోబర్ మధ్యకల్లా కోచ్ జేమ్స్ ఫ్రాంక్లిన్‌ని తీసేశారు. నాలుగో స్థానంతో మొదలైన క్లెమ్సన్ 7-6 దగ్గర ఆగింది. మిగిలినవాళ్లు ఎంతమంది అన్నదానితో పాటు, వాళ్లు పోయిన ఏడాది గట్టి టీమ్‌ల మీద ఎలా ఆడారో కూడా చూడాలి. బలహీనుల మీద 40 పాయింట్లు కొట్టి పెద్ద మ్యాచ్‌లో 17 దగ్గర ఆగిపోయినవాళ్లే మళ్లీ వస్తుంటే, వచ్చే ఏడాదీ దాదాపు అదే కథ.

స్టార్లు చదవడం

రిక్రూట్‌ల (కాలేజీలు తీసుకునే హైస్కూల్ కుర్రాళ్ల) పేర్ల పక్కన స్టార్లు ఇచ్చేది 247స్పోర్ట్స్, రైవల్స్, ఈఎస్‌పీఎన్ లాంటివాళ్లు. ఒకళ్ల లెక్క కాకుండా అందరి లెక్కలూ కలిపి ఇచ్చే కాంపోజిట్ చూడటం మేలు. 247స్పోర్ట్స్ ఏటా సుమారు 32 మందికే ఐదు స్టార్లు ఇస్తుంది, ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్ మొదటి రౌండ్‌లో 32 మంది ఉంటారు కాబట్టి. నాలుగు స్టార్లు అంటే కూడా చిన్న విషయం కాదు, దేశం మొత్తం మీద హైస్కూల్ ఆడే లక్షలమందిలో కొన్ని వందలమంది మాత్రమే.

క్లాస్ ర్యాంక్ చూసేటప్పుడు ఎంతమందిని తీసుకున్నారో చూడండి. మొత్తం పాయింట్ల మీద ఇచ్చే ర్యాంకులో 27 మందిని తీసుకున్న టీమ్, 17 మందిని తీసుకున్న టీమ్ కంటే ఊరికే పైకి పోతుంది. పక్కనే సగటు రేటింగ్ ఉంటుంది, నిజం అక్కడ ఉంటుంది. ఆ తర్వాత పొజిషన్లు చూడండి. లైన్‌మెన్ ఎంతమంది? నలుగురు రిసీవర్లు, ఒక్క డిఫెన్సివ్ టాకిల్ ఉన్న క్లాస్ ర్యాంకులో అందంగా ఉంటుంది కానీ మూడేళ్ల తర్వాత దెబ్బ తెలుస్తుంది.

ఒక కుర్రాడి పేజీ తెరిస్తే స్టార్ల కంటే ముందు నేను చూసేది ఆఫర్ల జాబితా. మూడు స్టార్ల సేఫ్టీ (డిఫెన్స్‌లో వెనక కాపు కాసేవాడు) అనుకోండి, అతనికి జార్జియా, ఒహాయో స్టేట్, ఓరెగన్ నుంచి ఆఫర్లు ఉన్నాయంటే ఆ కోచ్‌లకు అతనిలో ఏదో కనిపించింది, రేటింగ్ ఇచ్చేవాళ్లు ఇంకా అందుకోలేదు. అలాగే నాలుగు స్టార్లు ఉండి ఆఫర్లన్నీ చిన్న టీమ్‌ల నుంచే ఉంటే కొంచెం అనుమానించాలి. తర్వాత ఎత్తు, బరువు. అథ్లెటిక్స్‌లో కూడా పరుగెత్తేవాడైతే 100 మీటర్ల టైమ్. హైలైట్ వీడియో చివర్లో చూడండి, అందులో తప్పులు చూపించరు కాబట్టి.

ఇప్పుడు అసలు లెక్క. గత నాలుగు క్లాసుల్లో సంతకం చేసినవాళ్లలో నాలుగు, ఐదు స్టార్లవాళ్లు సగం కంటే ఎక్కువ ఉన్నారా? దీన్నే బ్లూ చిప్ రేషియో అంటారు, బడ్ ఎలియట్ పట్టుకొచ్చిన లెక్క ఇది. చాలా ఏళ్లపాటు ఛాంపియన్ అయిన ప్రతి టీమూ ఆ సగం గీత దాటినదే, 2023 మిషిగన్ లాంటివాళ్లు కాస్త పైన, జార్జియా లాంటివాళ్లు ఎంతో పైన. 2025 సీజన్‌లో ఇండియానా ఆ లెక్కని బద్దలు కొట్టింది. ఐదు స్టార్ల కుర్రాళ్లు వరసకట్టి రాని టీమ్ 16-0తో ఛాంపియన్ అయింది, కాలిఫోర్నియా యూనివర్సిటీ (కాల్) నుంచి పోర్టల్‌లో వచ్చిన క్వార్టర్‌బ్యాక్ ఫెర్నాండో మెండోజా హైస్మన్ (ఏటా ఉత్తమ ఆటగాడికి ఇచ్చే ట్రోఫీ) అందుకున్నాడు. అది చూసి స్టార్లు అబద్ధం అనుకోకండి. ఇంకో ఇండియానా రావాలంటే వాళ్ల కోచ్ కర్ట్ సిగ్నెటీ లాంటివాడు మరొకడు కావాలి.

స్టార్ల మీద మాత్రమే ఆధారపడితే ఏమవుతుందో టెక్సస్ ఎ అండ్ ఎం చూపించింది. 2022లో వాళ్లు సంతకం చేయించిన క్లాస్ రేటింగుల చరిత్రలోనే అతి పెద్దది. ఆ ఏడాది 5-7. ఆ క్లాసులో చాలామంది తర్వాత వేరే కాలేజీలకు వెళ్లిపోయారు, 2023 నవంబర్‌లో కోచ్ జింబో ఫిషర్‌ని తీసేయడానికి సుమారు 7.6 కోట్ల డాలర్ల బాకీ నెత్తిన పడింది. ఇందులో నేర్చుకోవాల్సింది ఏంటంటే, ఈ డిసెంబర్‌లో సంతకం చేసిన లైన్‌మెన్ మీకు ఈ సెప్టెంబర్‌లో పనికిరారు. వాళ్లకు రెండు మూడేళ్లు పడుతుంది. రిసీవర్లు, కార్నర్లు (అవతలి రిసీవర్లను అడ్డుకునేవాళ్లు), రన్నింగ్ బ్యాక్‌లు మొదటి ఏడాదే ఆడొచ్చు. 2024లో ఒహాయో స్టేట్ రిసీవర్ జెరెమయా స్మిత్ ఫ్రెష్‌మన్‌గానే (మొదటి ఏడాదే) 1,300 యార్డులు దాటాడు. మిగతా పొజిషన్లకు రెండేళ్లు, మూడేళ్లు వెనక్కి వెళ్లి ఆ క్లాసులు తెరవండి, అందులో ఇంకా ఎంతమంది మీ దగ్గరే ఉన్నారో లెక్కపెట్టండి. ఈ చివరి పని ఎవరూ చేయరు, మీరు చేయండి.

పోర్టల్, డబ్బు

ఆలెన్ హైస్కూల్‌కి మూడు స్టేట్ టైటిళ్లు తెచ్చిన కైలర్ మర్రీ టెక్సస్ ఎ అండ్ ఎం నుంచి ఓక్లహోమాకి మారినప్పుడు ఒక సీజన్ మొత్తం బయట కూర్చోవాల్సి వచ్చింది, 2018లో హైస్మన్ గెలిచే దాకా అతను ఓపిక పట్టాల్సి వచ్చింది. ఆ రోజులు పోయాయి. 2021లో ఒకసారి మారితే వెంటనే ఆడొచ్చన్నారు, 2024లో ఆ ఒక్కసారి అన్న హద్దు కూడా పోయింది, మార్కులు సరిగా ఉంటే చాలు. 2025 జూలై నుంచి కాలేజీలే ఆటగాళ్లకు నేరుగా డబ్బు ఇస్తున్నాయి, మొదటి ఏడాది పరిమితి కాలేజీకి సుమారు 2.05 కోట్ల డాలర్లు, అన్ని ఆటలూ కలిపి. ఆటగాళ్లకు డబ్బు రావడం న్యాయమేనని నేను మనస్ఫూర్తిగా అనుకుంటాను, వాళ్ల ఒళ్లు హూనమవుతుంటే ఇన్నేళ్లు అందరూ సంపాదించుకున్నారు. అంచనా వేసేవాళ్లకు మాత్రం పని పెరిగింది.

పోర్టల్ నుంచి వచ్చిన ప్రతి పేరు దగ్గరా ఇవి అడగండి: పాత కాలేజీలో స్టార్టరా, బెంచా? ఏ స్థాయి లీగ్? ఇది ఎన్నో కాలేజీ? కొత్త కోచ్ దగ్గర ఇంతకుముందు ఆడాడా? చివరి ప్రశ్నకి చాలా విలువ ఉంది. సిగ్నెటీ జేమ్స్ మాడిసన్ నుంచి ఇండియానాకి వస్తూ తన పాత ఆటగాళ్లను చాలామందిని వెంట తెచ్చుకున్నాడు, వాళ్లకు ప్లేబుక్ (కోచ్ వ్యూహాల పుస్తకం) కొత్త కాదు, 3-9 టీమ్ మొదటి ఏడాదే 11-2 అయింది.

దీనికి అచ్చంగా ఎదురు ఉదాహరణ ఫ్లోరిడా స్టేట్. 2023లో ఓటమి లేకుండా డిసెంబర్ దాకా వచ్చారు, ఆ టీమ్ నుంచి పదిమందిని ఎన్‌ఎఫ్‌ఎల్ టీమ్‌లు డ్రాఫ్ట్ చేశాయి. ఖాళీలను మళ్లీ పోర్టల్‌తోనే నింపారు, 2024లో ఏపీ లిస్టులో పదో స్థానం ఇచ్చారు, డబ్లిన్‌లో జార్జియా టెక్ చేతిలో మొదటి మ్యాచ్ ఓడి చివరికి 2-10. మీరు గీసిన కాగితంలో వెళ్లాడు అన్న మాట పదిహేను చోట్ల కనిపిస్తే వచ్చినవాళ్ల పేర్లు ఎంత పెద్దవైనా ఆ 2-10ని గుర్తుచేసుకోండి.

డెంటన్‌లో ఉన్నవాళ్లకి ఇదంతా కొత్తగా చెప్పక్కర్లేదు. వాళ్ల ఊరి నార్త్ టెక్సస్ టీమ్ 2025లో 12 మ్యాచ్‌లు గెలిచింది, హైస్కూల్‌లో మెయిన్ టీమ్‌కి స్టార్టింగ్ క్వార్టర్‌బ్యాక్ కూడా కాని డ్రూ మెస్ట్‌మేకర్ స్కాలర్‌షిప్ లేకుండా చేరి దేశంలోనే ఎక్కువ యార్డులు విసిరాడు. సీజన్ ముగిసేలోపే కోచ్ ఎరిక్ మారిస్ ఓక్లహోమా స్టేట్‌కి వెళ్తున్నట్టు తేలింది, జనవరిలో మెస్ట్‌మేకర్ కూడా అతని వెనకే వెళ్లాడు. చిన్న టీమ్ అభిమానులకు ఇది మనసు కష్టపెట్టే విషయమే. మీ టీమ్ ఆ స్థాయిదైతే మొదట కోచ్ ఉంటాడా అన్నది చూడండి, స్టార్లూ ర్యాంకులూ తర్వాత.

కోచ్‌ల విషయంలో ఇంకొక్క మాట: హెడ్ కోచ్ అలాగే ఉన్నా కోఆర్డినేటర్లు (ఆఫెన్స్‌నో డిఫెన్స్‌నో నడిపే కోచ్‌లు) మారారేమో చూడండి. ఆఫెన్సివ్ కోఆర్డినేటర్, క్వార్టర్‌బ్యాక్ ఇద్దరూ ఒకేసారి కొత్తవాళ్లయితే సెప్టెంబర్ మ్యాచ్‌ల మీద పెద్దగా ఆశ పెట్టుకోకండి.

పోయిన ఏడాది రికార్డుని విప్పి చూడండి

9-3 అన్న అంకె చూసి ఊరుకోకుండా ఒక్క టచ్‌డౌన్ తేడాతో తేలిన మ్యాచ్‌లు ఎన్నో వెతకండి. అలాంటివి ఆరు ఆడి ఆరూ గెలిచిన టీమ్ మళ్లీ ఆరూ గెలవడం అరుదు. 2022లో టెక్సస్ క్రిస్టియన్ (టీసీయూ) వరసగా దగ్గరి మ్యాచ్‌లు గెలుస్తూ ఫైనల్ దాకా వెళ్లింది, అక్కడ జార్జియా 65-7తో ఓడించింది, మరుసటి ఏడాది 5-7. ఇది రెండో వైపు కూడా పనిచేస్తుంది, కానీ ప్రతిసారీ కాదు. నెబ్రాస్కా 2021లో ఓడిన తొమ్మిది మ్యాచ్‌లూ తొమ్మిది పాయింట్లు లేదా అంతకంటే తక్కువ తేడాతోనే ఓడింది, ఇక అదృష్టం తిరుగుతుందని అందరూ అనుకున్నారు, మరుసటి ఏడాది మూడు మ్యాచ్‌లకే కోచ్ ఉద్యోగం పోయింది. ఫంబుల్ అయిన (చేజారిన) బంతి ఎవరికి దొరుకుతుందన్నది చాలావరకు అదృష్టమే కాబట్టి టర్నోవర్ల (బంతి అవతలివాళ్ల చేతికి పోవడం) అంకె మరీ ఎక్కువగా ఉంటే దాన్నీ అనుమానించండి.

గాయాలు కూడా చూడండి. అరిజోనా స్టేట్ 2023లో 3-9, క్వార్టర్‌బ్యాక్‌లు ఒకరి తర్వాత ఒకరు దెబ్బతిన్నారు. 2024 సీజన్‌కి ముందు వాళ్ల లీగ్ బిగ్ 12 మీడియా ఓటింగ్‌లో ఆ టీమ్‌కి చిట్టచివరి స్థానం, పదహారు. మిషిగన్ స్టేట్ నుంచి క్వార్టర్‌బ్యాక్ శామ్ లెవిట్ వచ్చాడు, రన్నింగ్ బ్యాక్ క్యామ్ స్కటెబో ఎలాగూ ఉన్నాడు, వాళ్లు లీగ్ గెలిచి ప్లేఆఫ్‌లో టెక్సస్‌ని రెండు ఓవర్‌టైమ్‌ల దాకా లాక్కెళ్లారు. ఓటు వేసినవాళ్లు 3-9 అంకె దగ్గరే ఆగిపోయారు.

తర్వాత షెడ్యూల్. పన్నెండు మ్యాచ్‌లను మూడు కుప్పలు చేయండి: గెలవాల్సినవి, చెప్పలేనివి, కష్టమైనవి. చెప్పలేనివాటిలో ఇంటి దగ్గర ఎన్ని, బయట ఎన్ని, విశ్రాంతి వారం ఎప్పుడు వచ్చిందో చూసి సగం గెలుస్తారని రాసుకోండి. జార్జియా, అలబామా ఉండే ఎస్ఈసీ 2026 నుంచి లీగ్‌లోనే తొమ్మిది మ్యాచ్‌లు ఆడుతుంది, ఆ టీమ్‌ల వాళ్లు తేలికైన మ్యాచ్ ఒకటి పోయిందని గుర్తుపెట్టుకోవాలి.

ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా

వసంతంలో 15 ప్రాక్టీసులు ఉంటాయి, కొందరు చివర్లో స్ప్రింగ్ గేమ్ పెడతారు. టెక్సస్, నెబ్రాస్కా లాంటివాళ్లు 2025లో దాన్ని పెట్టనే లేదు. పెట్టినచోట కూడా స్కోరు పట్టించుకోకండి, మొదటి జట్టు ఆఫెన్సివ్ లైన్‌లో ఎవరు ఏ స్థానంలో నిలబడ్డారో రాసుకుంటే చాలు. కోచ్ ఎవరిని పొగిడాడన్నది కూడా వదిలేయండి, ఏప్రిల్‌లో కోచ్‌లందరూ అందరినీ పొగుడుతారు. ప్రాక్టీసుకి రోజూ వెళ్లే స్థానిక విలేకరులు ఎవరు పక్కన నిలబడి చూస్తున్నారో, ఎవరి మోకాలికి బ్రేస్ ఉందో రాస్తారు, ఆ చిన్న వాక్యాల కోసం చదవండి.

మొదటి మ్యాచ్ వారంలో చాలా టీమ్‌లు డెప్త్ చార్ట్ (ఏ పొజిషన్‌లో ఎవరు ముందు, ఎవరు తర్వాత అన్న జాబితా) విడుదల చేస్తాయి. ఫిబ్రవరిలో గీసిన కాగితం పక్కన పెట్టుకుని పేరు పేరునా సరిచూడండి. ఆఫెన్సివ్ లైన్‌లో మీరు రాసిన ఐదుగురిలో ఇద్దరు మారి ఉంటే, చెప్పలేని మ్యాచ్‌ల్లోంచి ఒకటి ఓటమిలోకి జరపండి. మీరు ఖాళీ వదిలిన చోట ఇంకా ఇద్దరి పేర్ల మధ్య 'లేదా' అని ఉంటే ఆ పొజిషన్‌ని మొదటి మూడు మ్యాచ్‌లూ గమనించండి, నాలుగో మ్యాచ్‌కి ముందు అంకె మార్చుకోండి.